కుళాయి కారితే ఆరోగ్యం

అరవై దాటినవాళ్లకు నా సలహా ఒక్కటే. పొద్దున్నే పార్కుకు వెళ్లి గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మానేయండి. ఇంట్లో ఏదో ఒకటి పాడుచేసి, రిపేరు మొదలుపెట్టండి. నూరేళ్లు బతుకుతారు!

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను.

ముప్పై ఏడేళ్లు ఆఫీసులో కుర్చీని అంటిపెట్టుకుని, నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. షుగరు ఉందని తేలగానే రోజుకు ఎనిమిది వేల అడుగులు వేయమన్నారు. మా అమ్మాయి బూట్లు కొనిచ్చి, ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టింది. మొదటి వారం సగటు మూడు వందల పన్నెండు. అందులో సగం కళ్లజోడు వెతకడానికి వేసినవే.

అప్పుడే, నా అదృష్టం కొద్దీ, బాత్రూమ్ కుళాయి కారడం మొదలైంది.

ప్లంబరు వచ్చాడు. కుళాయి వైపు జాలిగా చూసి వాషరు తెమ్మన్నాడు. హార్డ్‌వేర్ షాపు వీధి చివర. తెచ్చాను. ఇది అరంగుళానిది, కావలసింది ముప్పావంగుళానిది అన్నాడు. మళ్లీ వెళ్లాను. ఈసారి సైజు కుదిరింది గానీ, కుళాయే ఊడి అతని చేతికొచ్చింది. కుళాయి కోసం మూడోసారి, దానికి చుట్టే టేపు కోసం నాలుగోసారి. అన్నీ ఒకేసారి చెప్పొచ్చు కదా అంటారా? చెబితే రిపేరవుతుంది, వ్యాయామం ఎలా అవుతుంది? ఆ రోజు ఆరు వేల అడుగులు! ఏ జిమ్ ట్రైనరు చేయించగలడు?

కుళాయి ఊడినప్పుడు ఒక టైలు పగిలింది. దాన్ని మారిస్తే మిగతావి పాతగా కనిపించాయి. అన్నీ మార్చాం. బాత్రూమ్ మెరిసేసరికి హాలు గోడలు మాసినట్టు తోచాయి. పెయింటర్ని పిలిచాం. సోఫా బెడ్‌రూములోకి, మంచం హాల్లోకి వెళ్లాయి. గ్లాసుడు మంచినీళ్లు తాగాలంటే నిచ్చెన కింద వంగి, రంగు డబ్బాలు దాటి, తడి గోడకు తగలకుండా పక్కవాటుగా పాకాలి. యోగా క్లాసులో అయితే ఇవే ఆసనాలకు చాప కూడా కొనమంటారు.

తలుపులు సరిచేయడానికి పిలిచిన వడ్రంగి చేసిన మేలు ఇంకా గొప్పది. రేపొస్తానని చెప్పి తొమ్మిది రోజులు రాలేదు. రోజూ వాళ్లింటిదాకా నడిచి వెళ్లి, అతను లేడని తెలుసుకుని, నడిచి వచ్చేవాణ్ని. దారి పొడుగునా కోపంతో గుండె దడదడలాడేది. దాన్నే కార్డియో అంటారని మా అల్లుడు చెప్పాడు.

మూడు నెలల్లో షుగరు దిగింది. బాత్రూమ్ నేలలో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు, అంత నునుపు. నున్నటి టైల్స్ జారతాయి, గరుకువి వేయించమని మా ఆవిడ ముందే అంది. అవి చూడ్డానికి బావుండవని నేనే తోసిపుచ్చాను. ఆ నేలను చూసి మురిసిపోవడం నా వంతు, కడిగి తుడవడం ఆవిడ వంతు. అలా తుడుస్తూనే, రిపేర్లన్నీ ముగిసిన పదకొండో రోజున జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

దీంతో నా సిద్ధాంతం కూలిపోయిందనుకోకండి. అసలు రికార్డు అప్పుడే బద్దలైంది! వంటగది, బట్టలు, డాబా మీద ఆరేయడం, మబ్బు పడితే పరుగున తీయడం, ఎవరో తలుపు కొట్టడం, ఈలోపు పాలు పొంగడం. వీధి గుమ్మం దాటకుండా పదకొండు వేల అడుగులు. సాయంత్రానికి మోకాళ్లు పట్టేసేవి. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఉప్పు ఏ అరలో ఉందో మాత్రం చెప్పేది.

కట్టు విప్పిన రోజున ఎముకల డాక్టరుకు ఫోను చూపించాను. ఈ వయసులో పదకొండు వేలా అని ఆయన నా భుజం తట్టాడు. ఎక్కడ నడుస్తారని అడిగితే, ఇంట్లోనే, పనులు చేసుకుంటూ అన్నాను. మిమ్మల్ని చూసి అందరూ నేర్చుకోవాలన్నాడు. నేను కుర్చీలో ఒక అంగుళం ఎదిగాను.

తర్వాత నర్సు ఒక ఫారం పట్టుకుని మా ఆవిడ పక్కన కూర్చుంది. వయసు, బరువు, వాడే మందులు రాసుకుని, రోజూ వాకింగ్ చేస్తారా అని అడిగింది.

"ఎక్కడమ్మా, ఇంటిపనితోనే సరిపోతుంది," అంది మా ఆవిడ.

నర్సు 'వ్యాయామం: లేదు' అని రాసింది.

నాకెందుకో ఆ రెండు మాటలూ మింగుడుపడలేదు.

"అది కొట్టేయమ్మా. రోజుకు పదకొండు వేల అడుగులని రాయి," అన్నాను.

"ఎప్పటినుంచి సార్?"

"పెళ్లయిన మర్నాటినుంచి."

నర్సు నవ్వింది. "ఇంటిపని వాకింగ్ కిందికి రాదు సార్."

"ఇందాక నాది వచ్చింది కదమ్మా?"

ఆ అమ్మాయి ఫారం అటూ ఇటూ తిప్పింది. అందులో దానికి గడి లేదు. మా ఆవిడ అప్పుడే కట్టు విప్పిన చేత్తో మెల్లగా సంచి అందుకుని లేచింది.

"పదండి ఇంటికి. నా వాకింగ్‌కి వేళయింది."