మంత్రిగారి నవ్వు కింది బటన్

"ఇకనుంచి మన ఇంజనీర్లు చిన్న పనులు చేస్తారు!" అని మంత్రి బంగారురాజుగారు జంషెడ్‌పూర్ సభలో ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. నీళ్ళ ఫిర్యాదుల యాప్‌లో జనం చెప్పే చిన్నచిన్న లోపాలను ప్రతి సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ వారానికొకటి సరిచేయాలి. పెద్ద పనులు అప్పటికే ఎవరూ చేయడం లేదు కనుక ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఆ ఊరి బారిడీహ్ పేట పిల్ల సౌజన్య మంత్రిగారి నీళ్ళ శాఖలో కాంట్రాక్టు ఇంజనీరు. రెన్యువల్ దగ్గర పడింది కాబట్టి అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఆమె వంతుకి భుయ్యాడీహ్ బస్తీ నూకమ్మ వచ్చింది. నూకమ్మ యాప్‌కి ఒక్క స్టారిచ్చి, ఫోనుకి నోటితో చెప్పి రాయించింది: "కుళాయి రాట్లేదని చెబుదారంటే బటన్ కనపడదు. మంత్రిగోరి నవ్వు అడ్డొత్తంది."

నిజమే. చిన్న ఫోన్లలో మంత్రిగారి ఫోటో కిందికి జారి, 'ఫిర్యాదు' బటన్ మీద హాయిగా కూర్చుంది.

"ఫోటో ముట్టుకున్నావా!" మంత్రిగారి పీఏ మనోజ్ అదిరిపడ్డాడు.

"కొంచెం పైకి జరిపాను సార్."

"పైకా?" మనోజ్ ఆలోచించాడు. "పైకైతే ఠీక్ హై. కిందికి మాత్రం దించకు."

మర్నాటికి ఫిర్యాదులు వందల్లో వచ్చిపడ్డాయి. ఒక్క ఫిర్యాదూ లేనందుకు రాంచీలో షీల్డు అందుకున్న శాఖ అది. మంత్రిగారు సౌజన్యని పిలిపించారు.

"ఇన్నాళ్ళూ జనం సుఖంగా ఉన్నారు తల్లీ. ఒక్క బటన్‌తో వీధివీధికీ నీళ్ళ కరువు తెచ్చావు."

"మళ్ళీ కప్పెయ్యమంటారా సార్?" అడిగింది సౌజన్య.

"ఛ! పేపర్లో పడిపోయింది. నేనే ప్రజల్లోకి వెళ్తాను."

వెళ్ళారు కూడా. ఆ వారం తిరక్కుండానే ఫిర్యాదులన్నీ మూతపడి, ప్రతిదాని పక్కనా 'సంతృప్తి' అని పచ్చగా వెలిగింది. సౌజన్యకి కళ్ళు చెమర్చాయి. తను జరిపిన ఆ కాస్తకీ భుయ్యాడీహ్‌లో నీళ్ళు పారుతున్నాయి! కళ్ళారా చూద్దామని ఆఫీసు కాగానే స్కూటీ మీద బయల్దేరింది.

నూకమ్మ మెడలో బంతిపూల దండతో గుమ్మంలో కూర్చునుంది.

"నీళ్ళొచ్చాయా అమ్మా?"

"నీళ్ళేటి? మంత్రిగోరొచ్చి మా అందరికీ దండలేసి ఎల్లిపోనారు. ఫిర్యాదు సేసినోల్లకి సన్మానమంట. ముందు ఫోన్లో పచ్చ నవ్వు బొమ్మ నొక్కితేనే దండ."

"నొక్కేశారా?"

"అంత పెద్దమనిషి దండట్టుకుని నిలబడిపోతే కాదంతావేటి? ఆదోరం టీవీవోల్లొత్తారంట. అందాకా దండ వాడిపోకుండా నీళ్ళు సల్లుకోమన్నారు. నీకాడ నీళ్ళుంటే కాసిని ఇయ్యమ్మా."

సౌజన్య బ్యాగులోంచి సీసా తీసిచ్చింది.

నూకమ్మ మూత తీసింది. దండ వైపు చూడనైనా చూడకుండా, తలెత్తి గటగటా తాగేసింది.