క్యాంటీన్ మీద ఎర్రచుక్క

"ఈ జిల్లాలో జబ్బు పడే హక్కు ఏ పందికీ లేదు!" అని పశువైద్య శాఖ డైరెక్టరు దూ ఝెన్‌హై గారు సభలో ప్రకటించారు. చప్పట్లు మోగిపోయాయి. పందులెవరూ సభకు రాలేదు గనుక అభ్యంతరాలు లేవు.

ఆ ప్రకటనను నిజం చేసే భారం ఆ శాఖలోనే పనిచేసే నింగ్ షుఫాంగ్ మీద పడింది. జనం ఇంటర్నెట్లో బాహాటంగా రాసుకునేవన్నీ ఆమె కంప్యూటరు చదివి, పందుల జ్వరం రాబోయే చోట పటం మీద ఎర్రచుక్క పెడుతుంది. "మా పంది మేత ముట్టడం లేదు, ఏం చెయ్యను?" అని ఎవరైనా రాస్తే చుక్కే. డైరెక్టరుగారు వెంటనే ఆ రాతను ఆమె చేతే తీయించేవారు. చుక్క పోయి, జనమంతా చూసే ఆ పటం పచ్చబడేది. రోగం కుదిరినట్టే! బయట నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది.

కానీ షుఫాంగ్ పెద్దమ్మ ఉన్నదంతా ఊడ్చి, శుక్రవారం సంతలో ముప్పై పందిపిల్లల్ని కొనబోతోంది.

"కొన్నాళ్ళు ఆగు పెద్దమ్మా" అని షుఫాంగ్ ఫోన్లో బతిమాలింది.

"ఎందుకే? మీ ఆఫీసు పటం పచ్చగా ఉందిగా! నీ మాట నమ్మాలా, సర్కారు మాట నమ్మాలా?"

ఆ పచ్చరంగు పూసింది తానేనని చెప్పలేక షుఫాంగ్ సిగ్గుతో చచ్చిపోయింది.

గురువారం ప్రావిన్స్ నుంచి తనిఖీ బృందం దిగింది. గోడంత తెర మీద పటం వెలిగింది. అంతా పచ్చ. నడుమ ఒకే ఒక్క ఎర్రచుక్క, సరిగ్గా ఈ ఆఫీసు మీదే!

"ఎవడు రాశాడయ్యా అది? తీసెయ్యండి!" అని డైరెక్టరుగారు అరిచారు.

"మనమే సార్" అంది షుఫాంగ్. "మన క్యాంటీన్ వారం వారం వెబ్‌సైట్లో పెట్టే వంటల పట్టిక. సోమవారం నుంచి అందులో పంది మాంసం లేదు. కిందటిసారి జ్వరానికి ముందు కూడా ఇలాగే తీసేశారు. కంప్యూటరుకు గుర్తుంది."

తనిఖీ పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "సోమవారం నుంచేనా? మేం పంది మాంసం మానేసి పది రోజులైంది."

"వండించండి! ఇప్పుడే పట్టికలో ఎక్కించండి!" అన్నారు డైరెక్టరుగారు.

మధ్యాహ్నానికి బల్ల మీద పంది మాంసం పొగలు కక్కింది. చుక్క పచ్చబడింది. ఆ జ్వరం మనుషులకు అంటదని ఈ శాఖే కరపత్రాలు పంచింది కూడా!

"ఆహా, ఏం వాసన! ముందు మీరు కానివ్వండి" అన్నారు తనిఖీ పెద్దాయన.

"అబ్బెబ్బే, పెద్దవారు, మీరుండగా నేనా!" అన్నారు డైరెక్టరుగారు.

మర్యాదలు బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగాయి. చాప్‌స్టిక్స్ అన్నీ మాంసం దాకా వెళ్ళి, పక్కనున్న చేప మీద వాలాయి.

అందరూ లేచాక, చల్లారిపోయిన ఆ నిండు పళ్ళేన్ని షుఫాంగ్ ఫోటో తీసి పెద్దమ్మకు పంపింది. "మా ఆఫీసర్ల భోజనం అయిపోయింది" అని మాత్రమే రాసింది.

క్షణంలో ఫోన్ మోగింది.

"ఏమేవ్! సర్కారు ఖర్చుతో వండిన మాంసాన్ని ఆఫీసర్లు వదిలేశారా? అమ్మో! నేను సంతకు వెళ్ళనే వెళ్ళను!"