కిటికీ పక్క బెర్తు కుట్ర

టికెట్లు ఖాయమైనట్టు ఫోనుకు మెసేజ్ వచ్చేసరికి మా ఆయన గడ్డం గీసుకుంటున్నారు. సగం నురగతోనే అద్దంలోకి గంభీరంగా చూసుకుని, "నాకు ముందే తెలుసు. ఈ బుర్రకు అంతుపట్టని రహస్యం ఇంకా పుట్టలేదు" అన్నారు. రోజూ వెయిటింగ్ లిస్టు చూసి బెంగపడింది నేను. అయినా కొత్త పెళ్లికూతుర్ని కదా, మురిసిపోయాను.

ఆ రైలు వారానికి ఒక్కసారే. దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటుతుంది. దారి పొడవునా ఇద్దరం ఒకే కిటికీ దగ్గర కూర్చోవాలని నా ఆశ. తీరా ఎక్కితే ఆయన బెర్తు పెట్టెకు ఆ చివర, నాది ఈ చివర. నా వాలిపోయిన మొహం చూసి ఎదుటి టీచరమ్మ సంగతేమిటని అడిగింది. చెప్పాను. "నువ్వలా కూర్చో పిల్లా" అంటూ లేచి వెళ్లింది.

కాసేపటికి మా ఆయన పిల్లిలా అడుగులేస్తూ వచ్చారు.

"ఈ పెట్టెలో ఘోరం జరగబోతోంది. తెల్లజుట్టు ఆవిడ సీటు సీటుకీ తిరిగి గుసగుసలాడుతోంది. విన్నవాళ్లు సామాను సర్దేస్తున్నారు. ముఠా నాయకురాలు."

"ఆవిడ టీచరండీ."

"నాయకురాలన్నాక పైకి ఏదో ఒక ఉద్యోగం ఉండాలిగా."

ఆవిడ మా కోసమే తిరుగుతోందేమోనని నాకు అనుమానం. అది చెప్పే సందు ఇస్తేగా. నా పక్క కిటికీ దగ్గరున్న బట్టల వ్యాపారి తన బావమరిది పక్కనున్న లాయరు సీటుకు, ఆ లాయరు మా ఆయన బెర్తుకు, మా ఆయన నా పక్క కిటికీ దగ్గరికి మారేలా టీచరమ్మ అందర్నీ ఒప్పించిందట. సూట్‌కేసు పట్టుకుని బయలుదేరిన లాయరుకు మా ఆయన అడ్డం నిలబడి, అందులో ఏముందో తేల్చమన్నారు. లాయరు కోర్టుకు లాగుతానని చెప్పి, వెనక్కి వెళ్లి తన సీట్లో చతికిలబడ్డాడు. వ్యాపారీ కదలనన్నాడు. టీటీ వచ్చి ఎవరి బెర్తులో వాళ్లను కూర్చోమన్నాడు. నా కిటికీ కాస్తా ఆవిరైపోయింది.

మా ఆయన మాత్రం ముఠాపై నిఘా వేయడానికి వ్యాపారి నెత్తిమీది ఖాళీ బెర్తెక్కి పడుకున్నారు. టీచరమ్మ కూర్చున్న చోటు సరిగా కనబడక ఇంకొంచెం, ఇంకొంచెం వంగారు. ఆ వంగడంలో జారి, వ్యాపారి మూత తీసి పట్టుకున్న నీళ్ల డబ్బా మీద పడ్డారు. అతని దుప్పటీ దిండూ తడిసి ముద్దయ్యాయి. వ్యాపారి లేచి, చొక్కా పిండుకున్నాడు.

"మీ బెర్తు ఎక్కడుంది?"

"ఆ చివర."

"అక్కడ నేను పడుకుంటా. ఈ చెరువులో మీరు ఉండండి."

టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా బెర్తు పొడిగానే ఉంది. ఇద్దరం దాని మీదే, ఆ కిటికీ వైపుకు ఇరుక్కుని కూర్చున్నాం. మోకాలు రుద్దుకుంటూనే ఆయన గొంతు సవరించుకున్నారు.

"ముఠా చెదిరిపోయింది, గమనించావా? రేపు పొద్దున్నే అందర్నీ ఇక్కడికి పిలిచి, ఈ కేసు ఎలా ఛేదించానో వివరిస్తాను."

"అలాగే వివరించండి," అన్నాను ఆయన చెయ్యి పట్టుకుని. "కానీ ఇక్కణ్నించి లేవకుండా."