సాక్ష్యం తిన్న జడ్జిగారు

ఆ ఉదయం లాయరు వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి స్నానం, పదింటికి ఫ్రిజ్‌లోంచి డబ్బా తీయడం, పదకొండింటికల్లా దాన్ని ఐసుతో సహా ల్యాబులో అప్పగించి రసీదు పుచ్చుకోవడం. ఆ డబ్బాలో ఉన్నది ఒకే ఒక్క క్రీమ్ కేకు ముక్క. పది రోజుల కిందట ఒక బ్యాంకులో మేనేజరు రిటైరవుతుంటే తెప్పించిన కేకు అది. అది తిన్న ఇరవై ఏడుగురూ వాంతులతో, విరేచనాలతో వరసగా ఆసుపత్రి పాలయ్యారు. ఆసుపత్రివాళ్లు సెలైను ఎక్కించి ఇళ్లకి పంపారే తప్ప ఒక్క పరీక్షా చేయలేదు. బ్యాంకు క్యాషియరమ్మ ఇంటికి తీసుకెళ్లి, ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయిన ముక్క ఒక్కటే మిగిలింది.

పన్నెండేళ్లుగా అద్దె తగాదాలతో, గోడ తగాదాలతో నెట్టుకొస్తున్న లాయరును ఇంతమంది ఒక్కసారిగా నమ్ముకుని రావడం ఇదే మొదలు. వాళ్లకున్న దారులన్నీ అతను ఓపిగ్గా వివరించాడు. "అమ్మిన బేకరీ మీద వేయొచ్చు, క్రీమ్ సరఫరా చేసినవాడి మీద వేయొచ్చు, ఆరోగ్య శాఖకి ఫిర్యాదు చేయొచ్చు, వినియోగదారుల కోర్టుకి వెళ్లొచ్చు. ఎటెళ్లినా అడిగేది ఒకటే, కేకులో క్రిములున్నాయని రుజువేదీ అని. ఆ రుజువు మీ ఫ్రీజర్‌లో ఉందమ్మా," అన్నాడు. ఆ మాటకి క్యాషియరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ముందురోజు సాయంత్రం దేవుడి పటాన్ని అప్పగించినట్టు రెండు చేతులా డబ్బా అప్పగించింది.

పదింటికి లాయరు ఫ్రిజ్ తెరిచాడు. పాలగిన్నె ఉంది. టమోటాలున్నాయి. డబ్బా లేదు. సింకు పక్కన చూస్తే, శుభ్రంగా తోమి, ఆరడానికి బోర్లించి ఉంది.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మామగారు రిటైర్డు జడ్జి. భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నారు. ఆయనకి చక్కెర జబ్బు, దానికి రెండింతలు తీపి యావ. తీపి వస్తువు ఎక్కడ దాచినా పట్టేస్తున్నారని కూతురు డబ్బాల మీద అబద్ధపు చీటీలు అంటించడం మొదలుపెట్టింది. బిస్కెట్ల డబ్బా మీద 'బట్టల సోడా', చాక్లెట్ల సీసా మీద 'బొద్దింకల మందు'. ముప్పై ఏళ్లు దొంగసాక్ష్యాలు విన్న మనిషికి ఇదో లెక్కా? నాలుగు రోజుల్లో గుట్టు పట్టేశారు. చీటీ ఎంత భయంకరంగా ఉంటే లోపల సరుకు అంత రుచిగా ఉంటుందని అప్పటినుంచీ ఆయన నమ్మకం. లాయరు అంటించిన చీటీలో ఏముందంటే, 'ప్రమాదకరం. సాక్ష్యం నెం. 1. ముట్టరాదు.'

హాల్లో మామగారు పేపరు చదువుతున్నారు.

"మామయ్యగారూ, ఫ్రిజ్‌లో డబ్బా ఒకటుండాలి."

"ఏ డబ్బా?"

"మీ మీసానికి క్రీమ్ అంటించిన డబ్బా."

మామగారు పేపరు దించకుండానే తువ్వాలుతో మీసం తుడుచుకున్నారు. "ఇప్పుడేమీ లేదే. ఆధారం లేని ఆరోపణ చేయకు అల్లుడూ."

"అది తిని ఇరవై ఏడుగురు ఆసుపత్రిలో పడ్డారండీ."

పేపరు మెల్లగా దిగింది. "చీటీ చూశాను. అమ్మాయి ఈసారి కొంచెం అతి చేసిందిలే అనుకున్నాను," అన్నారు మామగారు, గొంతు తగ్గించి.

ఈ మాటలు విని భార్య వంటింట్లోంచి వచ్చింది. ఆవిడా లాయరే. ఆవిడ ప్రశ్నలు మొదలుపెడితే సాక్షులు మంచినీళ్లు అడుగుతారని కోర్టులో పేరు.

"డబ్బా ఎక్కడ పెట్టారు?"

"ఫ్రిజ్‌లో."

"ఫ్రిజ్‌లో ఎక్కడ?"

"పాలగిన్నె పక్కన."

"నాకు చెప్పారా? నాన్నకి చెప్పారా? అవునా కాదా, అంతే చెప్పండి."

"కాదు," అన్నాడు లాయరు. అతనికీ దాహం వేసింది.

ఆవిడ వెంటనే డాక్టరుకి ఫోను చేసింది. లక్షణాలేవీ లేనప్పుడు మందులొద్దు, నీళ్లు బాగా తాగించి కనిపెట్టుకుని ఉండమన్నాడాయన. లాయరు పెరట్లోకి వెళ్లి ల్యాబుకి ఫోను చేశాడు. ల్యాబు పెద్దాయన ఏమాత్రం తొణకలేదు. "కేకు పోతే పోయింది, తిన్నాయన ఉన్నాడుగా. జబ్బు పడితే మలం నమూనా సీసాలో పట్టి తెండి. అదే క్రిమి దొరికితే మీ కేసు నిలబడుతుంది. పడకపోతే మాత్రం అవతలివాళ్లు ఆయన్నే తీసుకెళ్లి బోనులో నిలబెడతారు, చూసుకోండి."

మామగారంటే లాయరుకి నిజంగానే ప్రేమ. కానీ ఇరవై ఏడుగురి మొహాలూ కళ్లముందు తిరుగుతున్నాయి. ఆయన నూరేళ్లు చల్లగా ఉండాలి, సాయంత్రంలోగా కొంచెం విరేచనాలూ కావాలి. ఇలా కోరుకున్నందుకు సిగ్గుపడుతూనే మందుల షాపుకెళ్లి మూత గట్టిగా ఉన్న సీసా కొనుక్కొచ్చాడు.

ఈలోగా భార్య కంగారులో తమ్ముడికి ఫోను చేసి అంతా చెప్పేసింది. తమ్ముడూ లాయరే. అక్కడితో ఆగినా బాగుండేది, ఆ బేకరీ తరఫు లాయరు కూడా అతనే. బావమరిది పావుగంటలో వచ్చి వాలాడు. తండ్రిని మేడమెట్లు రెండుసార్లు ఎక్కించి దించాడు. చేతిలో ఆ రోజు పేపరు పెట్టి ఫొటోలు తీశాడు.

"డెబ్భై మూడేళ్ల మనిషి ఆ కేకు తిని గుర్రంలా ఉన్నాడు బావా. ఇక నీ కేసేముంది?"

"తొందరపడకు. ఇంకా రెండు మూడు రోజులు టైముంది," అన్నాడు లాయరు, సీసా వెనక దాచుకుంటూ.

అటు కొడుకు, ఇటు అల్లుడు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. రిటైరైన రోజునుంచి మామగారి మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు. ఆయన దాన్ని ఊరికే పోనివ్వదలచుకోలేదు.

"కడుపులో ఎలా ఉంది మామయ్యగారూ?"

"ఏదో ఉంది. ఏమిటన్నది, కాఫీలో రెండు చెంచాల చక్కెర పడితే గానీ గుర్తొచ్చేట్టు లేదు."

"ఏమీ లేదని చెప్పు నాన్నా. క్రికెట్ పెడతాను," అన్నాడు కొడుకు.

"పెట్టి చూడు. ఉన్నదీ పోవచ్చు."

పన్నెండున్నరకి భార్య తండ్రికి జావ పెట్టి, కోర్టులో వాయిదా ఒకటి చూసుకుని, ఎందుకైనా మంచిదని మందులు కూడా తెస్తానని వెళ్లింది. లాయరు పెరట్లో క్యాషియరమ్మ ఫోనుకి సమాధానం చెప్పలేక నానా తిప్పలూ పడుతున్నాడు. ఆ సందు చూసి బావమరిది కారులోంచి ఓ అట్టపెట్టె దింపాడు. బేకరీ యజమాని ప్రత్యేకంగా పంపిన కేకు, ఆ పూట చేసింది. "నాన్నా, ఇది కూడా తిని ఓ ఫొటో దిగావంటే కేసు ఇవాళే కొట్టేస్తారు," అన్నాడు. మామగారు కొడుకు భవిష్యత్తు కోసం పెద్ద ముక్కే తిన్నారు. ఫొటో కోసం బిల్లు కూడా పట్టుకున్నారు.

మూడింటికి మామగారు మాట మధ్యలో ఆపి, లేచి, బాత్రూములోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఐదు నిమిషాలకి లోపలినుంచి వినపడిన శబ్దానికి బావమరిది మొహం పాలిపోయింది. లాయరు కొంచెం సందు చేసి లోపలికి సీసా అందించాడు. మూత మీద తేదీ ముందే రాసిపెట్టి ఉంది.

"ఎన్ని గంటలైంది, నీ ముక్క పని కాదది. అక్క పెట్టిన జావ అయ్యుంటుంది," అన్నాడు బావమరిది.

"మా నాన్నకి నేను జావ పెట్టి చంపుతానా?" అప్పుడే వచ్చిన అక్క మందుల సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది. "బల్ల కింద ఆ పెట్టెలో సగం కేకు ఎక్కడిది?"

జవాబు బిల్లే చెప్పింది. ఆవిడ దాన్ని చదివింది, తమ్ముడి ఫోనులో ఫొటోలు చూసింది, సగం కేకును సంచీలో పెట్టి జిప్పు లాగింది.

లాయరుకి ప్రాణం లేచొచ్చింది. పోయిన సాక్ష్యం స్థానంలో తేదీతో, బిల్లుతో, ఫొటోలతో, ఎదుటి లాయరు స్వహస్తాలతో తెచ్చిన సాక్ష్యం. ముక్క మొదటిదైనా రెండోదైనా రెండూ ఆ బేకరీవే. బావమరిదిని కావలించుకోవాలనిపించింది.

సాయంత్రానికి డాక్టరు వచ్చి చూసి, భయం లేదని చెప్పి వెళ్లాడు. సీసా, సగం కేకూ ల్యాబుకి చేరాయి. దిండుకి ఆనుకుని కూర్చున్న మామగారి మొహం పీక్కుపోయింది గానీ, గొంతులోకి పాత జడ్జి వచ్చేశారు.

"కాగితం తీసుకో అల్లుడూ. నేనూ కేసు వేస్తున్నాను. ఇరవై ఎనిమిదో బాధితుణ్ని."

"రాస్తున్నానండీ," అన్నాడు లాయరు ఉత్సాహంగా.

"మొదటి ప్రతివాది బేకరీ. రెండో ప్రతివాది, పరిస్థితి తెలిసీ కన్నతండ్రికి మళ్లీ కేకు తినిపించిన నా కొడుకు. మూడో ప్రతివాది, ప్రమాదకరమని తెలిసిన వస్తువుని పాలగిన్నె పక్కన పెట్టి ఇంట్లో ఎవరికీ చెప్పని నువ్వు."

కలం ఆగిపోయింది. "నన్నెందుకండీ?"

"నీ పేరు వదిలేస్తే, తప్పంతా ఫ్రిజ్‌లో పెట్టినవాడిదేనని బేకరీవాళ్లు లేచి అంటారు. ఒరే, నువ్వైతే అంటావా?"

"తప్పకుండా అంటాను నాన్నా," అన్నాడు బావమరిది నిజాయితీగా.

"చూశావా? అక్కడ కేసు కుంటుతుంది. నా కేసే సాక్ష్యంగా నిలబడాల్సిన ఆ ఇరవై ఏడుగురి గతి ఏం కాను?"

పన్నెండేళ్లకి వచ్చిన కేసు. గెలుపు చేతికందిన పూటే చెయ్యి జారిపోతోంది. ప్రతివాదిగా ఉంటూ వాళ్ల తరఫున కోర్టులో నిలబడటం కుదరదని లాయరుకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"సరే, రాస్తాను. మరి వాళ్లకి లాయరెవరండీ?" అన్నాడు నీరసంగా.

"క్యాషియరమ్మతో మాట్లాడాను. వాళ్లందరికీ నేనైతే సమ్మతమేనట," అంది భార్య. "మొదటే నన్ను అడుగుదామనుకున్నారట, మీరు బాధపడతారని ఆగారట. ఏమండీ, డ్రాఫ్టు మాత్రం మీరే రాయండి. ఈ విషయం మీ అంత చదివినవాళ్లు లేరు."

ఆ మాటకి మాత్రం లాయరు పొంగిపోయాడు. ఇరవై ఏడుగురి కోసం తెలిసిన చట్టమంతా కుమ్మరించి, రెండు రోజులు కూర్చుని పద్నాలుగు పేజీలు రాశాడు. ఆ తర్వాత మూడో ప్రతివాది తరఫున ఏం వాదించవచ్చో చూద్దామని దాన్నే మళ్లీ చదివితే, వాదించగలిగిన ప్రతి ముక్కకీ తొమ్మిదో పేజీలో తనే జవాబు రాసేసి ఉన్నాడు.