నాలుగింటికి అపెండిక్స్

ఆ గురువారం పొద్దున వెర్లిన్ ప్రూయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, తుపాకుల ఓడెల్ కొట్టుకు వెళ్లి తన పిస్తోలుకు ఒక సుఖమైన ఒర కుట్టించుకోవడం, సాయంత్రం అగ్నిమాపక దళం వాళ్లు పెట్టే చేపల విందుకు నెల్డా హ్యాచర్‌ను తీసుకెళ్లడం, పాటలు మొదలయ్యాక ఆమెను తిన్నగా, ఎదురుగా నిలబడి కౌగిలించుకోవడం, ఆ ఊపులోనే పెళ్లి మాట అడిగేయడం. ఇందులో పెళ్లి మాటకు కాస్త ధైర్యం చాలు. కౌగిలింతకు మాత్రం మంచి ఒర కావాలి.

వెర్లిన్‌కు అరవై ఏడేళ్లు. కుర్రతనంలో కొన్నాళ్లు సైన్యంలో ఉండి, మిగతా జీవితమంతా ట్రాక్టర్లు బాగుచేసి, ఈమధ్యే చేతులు కడుక్కున్న మనిషి. భార్య ఐలీన్ ఉన్నన్నాళ్లూ ఆ పిస్తోలు బీరువా పై అరలో దుమ్ము పట్టి పడివుండేది. ఆమె పోయాక, ఖాళీ ఇంట్లో తన అడుగుల చప్పుడు తనకే వినబడడం మొదలయ్యాక, దాన్ని కిందికి దింపి నడుముకు పెట్టుకున్నాడు. ఖాళీ డబ్బాల మీద తప్ప దాన్ని దేని మీదా పేల్చింది లేదు. అది దొంగల కోసం కాదని అతనికీ తెలుసు. ఒంటరివాడికి నడుం దగ్గర కాస్త బరువు ఉంటే తోడున్నట్టు ఉంటుంది, అంతే. కౌగిలింత పూట దాన్ని ఇంట్లో పెట్టి వెళ్లొచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆర్కన్సా కొండల్లో ఉన్న ఆ ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. చెప్పులు ఇంట్లో పెట్టి బజారుకు వెళ్లమని ఎవరైనా అంటారా?

చిక్కల్లా ఒరతోనే. అది చొక్కా కింద ఉన్నట్టు కనబడకూడదు, ఉన్నట్టు తెలియకూడదు. తోలుది కొంటే చర్చిలో అందరూ మౌనంగా ప్రార్థన చేసుకునే వేళకు కిర్రుమనేది. ప్లాస్టిక్‌ది చర్మాన్ని గిల్లేది. భుజాలకు తగిలించుకునేది వేసుకుంటే కాడి కట్టిన ఎద్దులా నడిచేవాడు. చీలమండకు కట్టుకునేది పెట్టుకుని కుంటితే, మోకాలికి ఏమైందని ఊరంతా పరామర్శించింది. చివరికి ఓడెల్ సలహా మీద ముందువైపు పెట్టుకునేది కొన్నాడు.

ఈ సరంజామా అమ్మేవాళ్లు మనిషి నడుమును గడియారంగా లెక్కపెడతారు. బొడ్డు దగ్గర పన్నెండు గంటలు, కుడి పక్కన మూడు, దానికి కాస్త వెనగ్గా నాలుగు. బొడ్డుకూ కుడి పక్కకూ మధ్య, సరిగ్గా అపెండిక్స్ ఉండేచోట పెట్టుకుంటే ఆ పద్ధతిని అపెండిక్స్ అనే పిలుస్తారు. సన్నటి కుర్రవాళ్లకు అది హాయిగానే ఉంటుంది. వెర్లిన్‌కు బొజ్జ ఉంది.

పైగా అది కౌగిలింతకు సరిగ్గా అడ్డం. నెల్డా బజారు వీధిలో గుడ్డలూ దారాలూ అమ్మే కొట్టు నడుపుతుంది. ఆమె భర్త కూడా పోయాడు. చలికాలమంతా ఇద్దరూ కలిసి భోంచేశారు, కలిసి చర్చికి వెళ్లారు. అయితే గుమ్మం దగ్గర సెలవు తీసుకునేటప్పుడల్లా వెర్లిన్ పిస్తోలు ఎక్కడ తగులుతుందోనని గేటు దూరే ఆవులా పక్కకు తిరిగేవాడు. ఆమె కూడా కుడి భుజం మాత్రం అతని భుజానికి ఆనించి చటుక్కున వెనక్కి తగ్గేది. కిందటి ఆదివారం అలా వెనక్కి తగ్గి, తలుపు పట్టుకుని నిలబడింది.

"మీరు మొహమాటపడక్కర్లేదు వెర్లిన్ గారూ," అంది. "మా అక్క టల్సా పట్నంలో తన దగ్గరికి వచ్చెయ్యమంటోంది. కొట్టు కొంటానని ఒకాయన అడుగుతున్నాడు. వచ్చే ఆదివారానికల్లా ఏదో ఒకటి చెప్పేస్తాను."

వెర్లిన్ నోరు తెరిచాడు. ఇంకా పక్కకు వంగే ఉండడం వల్ల పిస్తోలు పిడి పక్కటెముకలో గుచ్చుకుంది. "అబ్బా" అన్నాడు. ఆమె దాన్ని జవాబుగా తీసుకుని తలుపు వేసేసింది. అప్పటినుంచి అతనికి తిండి సయించడంలేదు. ఆమె టల్సా వెళ్లిపోతే తన రోజులు మళ్లీ ఎలా ఉంటాయో అతనికి బాగా తెలుసు.

అందుకే గురువారం పొద్దున్నే ఓడెల్‌కు ఫోను చేశాడు. నలభై ఏళ్లు తుపాకుల మధ్య బతికి ఓడెల్‌కు చెవులు పోయాయి. అతనితో ఫోనులో మాట్లాడడమంటే వాగు అవతలివాడితో మాట్లాడడమే. వెర్లిన్ వంటింట్లో నిలబడి కేకలు పెడుతున్నాడు. సరిగ్గా ఆ సమయానికి ఐలీన్ అక్కగారు జెనీవా, వేడి రొట్టెలూ గ్రేవీ పట్టుకుని పెరటి మెట్లెక్కింది.

"అపెండిక్స్ ఇంక నా వల్ల కాదురా," అని వినబడింది లోపలినుంచి. "కూర్చుంటే పొడిచేస్తోంది. వంగితే ప్రాణం పోతోంది. ఇవాళ తీసెయ్యాల్సిందే. నాలుగింటికి మార్చెయ్. నాలుగురా, నాలుగు. కోసేది నువ్వేగా? కత్తికి పదును పెట్టుకో. కిందటిసారి నువ్వేసిన కుట్లు వారానికే ఊడొచ్చాయి."

జెనీవా గిన్నె పట్టుకుని ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది.

"ఇంకోమాట. నెల్డాకు తెలీకూడదు. తెలిస్తే భయపడిపోతుంది పాపం. సాయంత్రం ఆవిడ ముందు మామూలు మనిషిలా నిలబడితే చాలు నాకు."

ఇంకొకరైతే లోపలికి వెళ్లి ఏమిటి సంగతని అడిగేవారు. జెనీవా అలా కాదు. ఆమె చర్చిలో ప్రార్థనల గొలుసుకు పెద్ద. ఎవరికైనా కష్టం వస్తే ఆమె ఒకరికి ఫోను చేస్తుంది, వాళ్లు ఇంకొకరికి, అలా సంఘమంతా మోకాళ్ల మీదికి వస్తుంది. ఆమె లెక్కలో, అడిగితే అది ఊసుపోని కబురవుతుంది, అడక్కపోతే ప్రార్థనాంశం అవుతుంది. గిన్నె మెట్టు మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ ఇంటికి పరిగెత్తింది.

"మా మరిదికి అపెండిక్స్ అంట, నాలుగింటికి ఆపరేషన్," అంది జెనీవా మొదటి ఫోనులో. "నెల్డాకు మాత్రం చెప్పకండి."

మూడో ఇంటికి చేరేసరికి అపెండిక్స్ వాచింది. ఐదో ఇంట్లో పగిలింది. కిందటిసారి కుట్లు ఊడిపోయేలా కుట్టిన డాక్టరే మళ్లీ కోస్తున్నాడని ఒకరు, ఆ డాక్టరు తాగుతాడని ఇంకొకరు కలిపారు. ఒక్క వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా చేతులు మారింది: నెల్డాకు చెప్పకండి. గొలుసులో చివరినుంచి రెండో లంకె బర్డీ అనే పెద్దావిడ. తరువాత ఆమె ఫోను చేయవలసింది నెల్డాకే. బర్డీ ఏనాడూ గొలుసు తెంచిన మనిషి కాదు.

"నెల్డా, ఈ సంగతి నీకు చెప్పొద్దన్నారమ్మా," అని మొదలుపెట్టింది.

ఇక్కడ ఓడెల్ కొట్టులో ఇదేమీ తెలియక వెర్లిన్ ఒళ్లు మరిచి ఉన్నాడు. ఓడెల్ పాత తోలు కోసి, వంపు సరిచూసి, కొత్త దారంతో కుట్టి, ఒరను నాలుగు గంటల చోటుకు మార్చి బెల్టుకు బిగించాడు. వెర్లిన్ కూర్చున్నాడు, పొడవలేదు. వంగి బూట్లు కట్టుకున్నాడు, గిల్లలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి అది ఉన్న సంగతే మరిచిపోయాడు.

"కౌగిలించుకుంటే?" అన్నాడు అనుమానంగా. "ఆవిడ చెయ్యి వెనక్కొచ్చిందంటే?"

"ఆడవాళ్లు మెడ చుట్టూ వేస్తార్రా," అన్నాడు ఓడెల్, మూడు పెళ్లిళ్ల అనుభవంతో. "కావాలంటే నన్ను పట్టుకుని చూడు."

ఇద్దరు ముసలివాళ్లూ కొట్టు మధ్యలో కౌగిలించుకున్నారు.

"ఏమన్నా తగిలిందా?"

"నీ బొజ్జ తగిలింది."

మధ్యాహ్నం దాటాక వెర్లిన్ ఈల వేసుకుంటూ ఇంటికి చేరాడు. వరండా నిండా మూతపెట్టిన గిన్నెలు ఉన్నాయి. కోడిమాంసం, నూడుల్సూ కలిపి కాల్చినది, చిక్కుడుకాయలది, బంగాళాదుంపలది, పైన చీజు కరిగి ఇంకా పొగలు కక్కుతున్నది. ఆ ఊళ్లో ఒక ఇంటికి ఇన్ని గిన్నెలు ఒకేసారి వచ్చాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఐలీన్ పోయినప్పుడు చివరిసారి చూశాడు. ఎవరు పోయారో అతనికి అర్థం కాలేదు. ఫోను పొద్దున వంటింటి బల్ల మీదే మరిచిపోయాడు. దాని కోసం లోపలికి వెళ్లబోతుంటే బర్డీ ఇంకో గిన్నె పట్టుకుని వచ్చి, అతన్ని చూసి నిలువునా కొయ్యబారింది.

"నువ్వు లేచి తిరుగుతున్నావా నాయనా? అందరూ ఆసుపత్రికి వెళ్లారే," అంది. "నెల్డా అయితే ఏడుస్తూ పోయింది. దాని మొహంలో నెత్తుటి చుక్క లేదు."

బర్డీ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. వెర్లిన్‌కు నెల్డా, ఆసుపత్రి అన్న రెండు మాటలు తప్ప మరేమీ వినబడలేదు. ఐలీన్‌ను కూడా ఇలాంటి మధ్యాహ్నమే తీసుకెళ్లారు. ఆమె మళ్లీ ఇంటికి రాలేదు. అతను గిన్నెలు దాటుకుంటూ పరిగెత్తి ట్రక్కు ఎక్కాడు. దారిపొడుగునా దేవుణ్ణి ఒకటే అడిగాడు. టల్సా వెళ్లిపోయినా ఫరవాలేదు, మనిషి ఉంటే చాలు.

ఆసుపత్రి తలుపు మీద తుపాకులు లోపలికి తేరాదని బోర్డు ఉంది. ఎంత కంగారులో ఉన్నా వెర్లిన్ బోర్డులను గౌరవించే మనిషి. ట్రక్కులో ఉన్న ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేద్దామని వెనక్కి వచ్చి, ఒరతో సహా పిస్తోలు చేతిలోకి తీసుకుని తలెత్తాడు. రెండు కార్ల అవతల నెల్డా పాత ఆకుపచ్చ కారు ఉంది. తలుపు తెరిచి ఉంది. నెల్డా అటు తిరిగి నిలబడి, జాకెట్టు కింద చెయ్యి దూర్చి దేనితోనో పెనుగులాడుతూ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నెల్డా గారూ," అన్నాడు.

ఆమె తిరిగింది. చేతిలో చిన్న పిస్తోలు. దాని ఒరకు కుట్టిన సాగే పట్టీ ఒక కొస ఇంకా ఎడమ చంక కిందే చిక్కుకుని ఉంది. గులాబీ రంగు గుడ్డతో తానే కుట్టుకున్న ఒర అది.

కాసేపు ఇద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు.

"మీరు లోపల ఉండాలి కదా," అంది నెల్డా. "అపెండిక్స్ పగిలిందన్నారు. కోసేవాడు తాగుబోతన్నారు."

"ఓడెల్ తాగుడు మానేసి చాలా ఏళ్లయిందండీ."

"తుపాకుల ఓడెలా మీకు ఆపరేషన్ చేసింది?"

వెర్లిన్ చేతిలోని ఒర పైకెత్తి చూపించాడు. "ఆపరేషన్ దీనికి. అపెండిక్స్ దగ్గర పెట్టుకుంటే పొడుస్తోందని నాలుగింటి దగ్గరికి మార్పించాను. మీకేమైంది? మీకేదో అయిందనుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను."

నెల్డాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "అందుకా మీరు పక్కకి తిరిగిపోయేది? నేనంటే వెగటు అనుకున్నాను."

"మరి మీరూ భుజమే కదా ఆనించేవారు. నాకూ అలాగే అనిపించింది."

"మీకు ఇది తగులుతుందేమోనని. చెబితే ఇదొక పిరికిది అనుకుంటారని." ఆమె గొంతు తగ్గింది. "మా ఆయన పోయాక పొద్దున్నే ఒక్కదాన్నే కొట్టు తాళం తియ్యాలంటే గుండె దడగా ఉండేది. ఇది ఉంటే కొంచెం నయం. దీంతో ఎవరినీ ఏం చెయ్యలేనని నాకూ తెలుసు."

"నాకూ ఇల్లు ఖాళీ అయ్యాకే అలవాటైంది," అన్నాడు వెర్లిన్. ఆ మాట అతను అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. రెండు పిస్తోళ్లు మాత్రం వెర్లిన్ ట్రక్కులోని పెట్టెలో చక్కగా ఇమిడాయి. అంతకుముందు చిక్కుకున్న పట్టీ విడదీయడానికి అతను సాయం చేయాల్సి వచ్చింది. ట్రాక్టరు బోల్టులు తిప్పిన చేతులకు ఆ చిన్న కొక్కెం మూడో ప్రయత్నానికి గానీ చిక్కలేదు. పెట్టెకు తాళం వేసి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఏ పక్కకు తిరగాలో అలవాటు కొద్దీ ఒక్క క్షణం తడబడ్డారు. తిరగవలసిన పని లేదని గుర్తొచ్చింది. నెల్డా చేతులు అతని మెడ చుట్టూ వేసింది. ఆ విషయంలో ఓడెల్ చెప్పింది నిజమే. ఆమె గుండె తన గుండెకు ఆని కొట్టుకోవడం తెలుస్తుంటే వెర్లిన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?" అన్నాడు. పాటలు లేవు, చేపలు లేవు, ఆసుపత్రి వెనక జనరేటరు ఒకటి మోగుతోంది.

"మా అక్కకు ఫోన్ చెయ్యాలి, రావట్లేదని," అంది ఆమె, అతని భుజం మీదినుంచి తల ఎత్తకుండానే.

అదే సమయానికి సంఘమంతా ఆసుపత్రి తలుపులోంచి బయటికి వచ్చింది. ఆ పేరుగల రోగి ఎవరూ లేరని లోపల చెప్పారట. దాంతో మనిషి అప్పటికే పోయాడని జెనీవా నిశ్చయించుకుంది. పాస్టరు గారు బైబిలులో కీర్తన వెతుకుతున్నారు. వెర్లిన్‌ను చూడగానే జెనీవా పరిగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకుని కూలబడినంత పని చేసింది.

"నిన్ను చూసుకుంటానని చెల్లెలికి మాటిచ్చాను మరిదీ," అంది ఏడుస్తూ. "రేపు పైకెళ్లి దాని మొహం ఎలా చూడాలా అని చచ్చిపోయాను."

అసలు సంగతి చెబుదామని వెర్లిన్ నోరు తెరిచాడు. ఆ ముసలి మొహం చూశాక చెప్పలేకపోయాడు. ఇన్నేళ్లూ ఇల్లు ఖాళీగా ఉందనుకుంటూ, పెరటి మెట్ల మీదికి రొట్టెలు తెస్తున్న ఈ మనిషిని లెక్కలోకి తీసుకోలేదే అనిపించి సిగ్గుపడ్డాడు.

"ఆపరేషన్ అవసరం లేకుండానే సర్దుకుంది," అంది నెల్డా అతని బదులు. "ఇప్పుడు ఎక్కడా పొడవట్లేదట."

ఆదివారం పాస్టరు గారు కత్తి పడకుండానే నయమైన అపెండిక్స్ గురించి సాక్ష్యం చెబితే సంఘమంతా లేచి స్తోత్రం పలికింది. వెర్లిన్ ఒంట్లోని అసలు అపెండిక్స్‌ను సైన్యంలో ఉన్న రోజుల్లోనే కోసి పారేశారన్న సంగతి, జూన్‌లో పెళ్లయ్యాక, మచ్చ చూసి నెల్డా తెలుసుకుంది.