గొంతు ఎవరి పరిధి?

మా ఆవిడ గొంతు ఏ అంతస్తు కిందికి వస్తుందో తేల్చడానికి పెద్దాసుపత్రివారు ఐదుగురు సభ్యులతో ఒక సంఘం వేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంఘం ఇప్పటికి మూడుసార్లు సమావేశమైంది. టీ బాగుందని మూడుసార్లూ ఏకగ్రీవంగా తీర్మానించారు. గొంతు విషయం మాత్రం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను నీటి సరఫరా కార్యాలయంలో కింది అంతస్తు గుమాస్తాని. మీటరు తిరుగుతోందా లేదా అన్నది మా సెక్షన్. నీళ్ళ రంగు, రుచి, వాసన మా సెక్షన్ కాదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మా సెక్షన్ కాని కాగితం ఒక్కటంటే ఒక్కటి నా బల్ల మీద వాలనివ్వలేదు. కాబట్టి పరిధి అన్న మాటంటే నాకెంత గౌరవమో మీరు ఊహించుకోవచ్చు. ఆసుపత్రి మీద అక్కసుతో ఇదంతా రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ ఖర్మ.

మా ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ముందుగదిలో మిషను, గోడ నిండా కొలతల కాగితాలు, పెదాల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు. ఏడాదిన్నర కిందట ఓ సాయంత్రం సూదులు తీసి పక్కన పెట్టి, గుప్పెడు వేయించిన పల్లీలు తిని, మళ్ళీ సూదులు పెదాల మధ్య పెట్టుకుంది. పావుగంటలో సూదులన్నీ ఒకటొకటే రాలిపోయాయి. పెదాలు బూరెల్లా ఉబ్బి పట్టు చిక్కలేదు. "పల్లీలు నాకు పడట్లేదండీ" అని, ఆ రోజుతో మానేసింది. పెదాలు మామూలుగా అయిపోయాయి.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మా పెద్దక్క ఊరుకోనిచ్చిందా? "ఒరే, పెద్ద డాక్టరుకి చూపించకుండా మీకు మీరే తేల్చేసుకుంటే ఎట్లారా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అని ఫోనులో గంటసేపు వాయించింది. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో మేము పెద్దాసుపత్రి మెట్లెక్కాం.

ఆ ఆసుపత్రిలో మనిషిని అంతస్తులవారీగా, తగాదా లేకుండా పంచుకున్నారు. ఒంటి మీద కనిపించేదంతా మొదటి అంతస్తు. మెడ ఎముక నుంచి కిందికి, లోపల ఉన్నదంతా రెండో అంతస్తు. గడ్డం నుంచి పైకి మూడో అంతస్తు. నడుమ మిగిలిపోయిన ఆ బెత్తెడు గొంతు సంగతి పంపకాలనాడు ఎవరికీ తట్టలేదు. ఇక చీటీల కౌంటరు దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: ఒక చీటీకి ఒక లక్షణం. దురదకి తీసుకున్న చీటీ మీద కడుపునొప్పి మాట ఎత్తితే చీటీ రద్దవుతుంది. ఇంత క్రమశిక్షణ నేను మా ఆఫీసులో తప్ప ఇంకెక్కడా చూడలేదు.

మొదటి అంతస్తు చర్మం డాక్టరుగారు పెదాలు చూసి, "బాగానే ఉన్నాయే!" అన్నారు. "పల్లీలు తింటే ఉబ్బుతున్నాయండీ" అంది మా ఆవిడ. ఆయన ఉలిక్కిపడ్డారు. "అమ్మా, తిండి సంగతి నా దగ్గర ఎత్తకూడదు. అది వంటశాల విభాగం" అన్నారు. వంటశాల పెద్దని అడిగితే, తాము వండినవాటికి మాత్రమే తమ పూచీ అన్నాడు. ఏదైతేనేం, చర్మం డాక్టరుగారు ధర్మాత్ముడు. ఇంతదూరం వచ్చిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక, ఒంటికి బలం అని బంగారు రంగు గోళీలు రాసిచ్చారు. లోపల నూనెతో నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉన్నాయి.

మందు వేళ తప్పకుండా వేయించడం భర్త పరిధి. నేను గళ్ళ డబ్బా ఒకటి కొని, రోజులు రాసి, పక్కన ఒక కాగితం కట్టి, వేసినప్పుడల్లా సంతకం పెట్టేవాణ్ణి. రోజూ పొద్దున్నే నా చేత్తో గోళీ, నా చేత్తో గ్లాసుడు నీళ్ళు. వారం తిరక్కుండా ఆవిడ చేతుల మీద దద్దుర్లు లేచాయి. పరుగెత్తుకెళ్ళాం. క్యూలో మూడు గంటలు నించునేసరికి దద్దుర్లు అణిగిపోయాయి. "లేని దద్దుర్లకి నేను మందు ఎట్లా రాయనమ్మా? ఉన్నప్పుడు రండి" అన్నారు డాక్టరుగారు.

తర్వాత కడుపులో మెలిపెట్టడం, వాంతులు. రెండో అంతస్తు. మనిషి నీరసంగా ఉందని ఆయన కూడా అదే బంగారు గోళీ మధ్యాహ్నానికి రాశారు. తర్వాత ముక్కు దిబ్బడ, మొహం వాపు. మూడో అంతస్తు. ఆయన రాత్రికి రాశారు. ముగ్గురు పెద్దమనుషులు, ఒకరితో ఒకరు మాట ముచ్చట లేనివాళ్ళు, వేరువేరు అంతస్తుల్లో కూర్చుని ఒకే మాట మీద నిలవడం చూసి నాకు ఒళ్ళు పులకరించింది. డబ్బాలో గళ్ళు మూడింతలు చేశాను.

మా ఆవిడ వెర్రిదేం కాదు. కొలతల పుస్తకం వెనక పేజీల్లో తిన్నది తిన్నట్టు రాయడం మొదలుపెట్టింది: ఏం తిన్నాను, ఎన్నింటికి, ఏమైంది. పాలు తాగిన రోజున దద్దుర్లు. మానేసింది. గుడ్డు తిన్నరోజున వాంతి. అదీ మానేసింది. గోధుమలు, చేపలు, టమాటాలు, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది. మూడు నెలల్లో ఆ ఇల్లాలికి మిగిలింది ఉత్తన్నం, ఉప్పు. అయినా జబ్బు ముదురుతూనే ఉంది. తన జాకెట్లు తనే మూడుసార్లు లోపలికి కుట్టుకుంది. పుస్తకం పట్టుకెళ్ళి రెండో అంతస్తులో చూపించబోతే, "రోగులు రాయకూడదు తల్లీ, రాయడం మా పని. రోగులు చెప్పాలి" అన్నారు. చెప్పబోతే చీటీకి ఒకటే అన్నారు.

ఇక బంధుమిత్రుల వైద్యం సంగతి. మా పెద్దక్క, "అంతా మనసులోదేరా, నలుగురిలో తిరగమను" అంది. పక్కింటావిడ, "మా రోజుల్లో ఇవన్నీ ఉండేవా? రాళ్ళు తిని అరిగించుకున్నాం" అంది. రాయి తింటే ఎలాంటి దద్దుర్లు వస్తాయో నేను అడగలేదు. ఒకనాడు నేను కూడా, "నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావేమో" అన్నాను. ఆవిడ మిషను ఆపి నా వంక చూసింది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు భయం వేసింది. ఈ మనిషి నా కళ్ళముందే కరిగిపోతోంది, నేను సంతకాలు పెడుతున్నాను. కానీ భయపడడం ఎవరి పరిధో తెలియక గమ్మునుండిపోయాను.

అప్పుడొచ్చింది గొంతు. ఒక ఆదివారం ఉన్నట్టుండి గొంతు బిగుసుకుపోయి, ఊపిరి ఈలలా వినిపించింది. అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాం. "మీ పేరేమిటమ్మా?" అని అడిగారు. కష్టం మీద చెప్పింది. పేరు చెప్పగలిగిన మనిషి అత్యవసర రోగి కాదని పంపేశారు. పేరు చెప్పలేకపోయి ఉంటే? కాగితం పూర్తికాదు కాబట్టి చేర్చుకోరు. ఆ కిటుకు నాకు చాలా నచ్చింది, మా ఆఫీసులో కూడా పెట్టించాలనుకున్నాను.

రాత్రికి గొంతు దానంతటదే సడలింది. మర్నాడు గొంతు చీటీ తీసుకుని రెండో అంతస్తుకి వెళ్తే మూడోదన్నారు, మూడో అంతస్తుకి వెళ్తే రెండోదన్నారు. వారంలో పదకొండుసార్లు మెట్లెక్కి దిగాం. విషయం పెద్దదై సూపరింటెండెంటుగారి దాకా వెళ్ళింది. ఆయన సిబ్బందిని సమావేశపరచి, రోగి తరఫున నన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, గంభీరంగా ప్రసంగించారు. "సోదరులారా! మన ఆసుపత్రిలో ప్రతి అవయవానికీ ఒక దిక్కు ఉంది. కాలి చిటికెన వేలికి కూడా దిక్కు ఉంది. ఒక్క గొంతే దిక్కులేనిదైపోయింది. ఇది మనందరికీ తలవంపులు. తొందరపడి ఏ ఒక్క అంతస్తుకో కట్టబెట్టి తోటి అంతస్తు మనసు నొప్పించలేను. అందుచేత ఒక సంఘం వేస్తున్నాను." చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. చెయ్యి ఊరుకోలేదు.

సంఘం మొదటిసారి కూర్చున్న రోజున, అవసరమైతే గొంతు చూపించాలని మమ్మల్ని రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ నడుమ మెట్ల మలుపులో బెంచీ మీద కూర్చోమన్నారు. ఆవిడ పొద్దుట్నుంచి పచ్చి గంగ తప్ప ముట్టలేదు. మధ్యాహ్నమైంది. వేళ తప్పకూడదు కదా, డబ్బా తీసి గోళీ ఇచ్చాను. పది నిమిషాలు కాలేదు, గొంతు పట్టుకుంది. పెదాలు నీలంగా తిరిగాయి. నేను కేకలు పెట్టాను. పైనుంచి మూడో అంతస్తాయన, కింద నుంచి రెండో అంతస్తాయన పరుగున వచ్చి, చెరో మెట్టు మీద ఆగారు. "మీరు చూడండి." "అబ్బే, సంఘం లోపల కూర్చుని ఉండగా నేను చూస్తే బాగుండదు, మీరే చూడండి." నా జీవితంలో అంత మర్యాద నేను చూడలేదు. ఇద్దరి కాళ్ళూ పట్టుకున్నాను.

మెట్లు తుడుస్తున్న ఆయమ్మ చీపురు విసిరికొట్టింది. "ఏందయ్యా, మనిషి పోతావుంటే మీ మర్యాదలేంది? పట్టు, అటు పట్టు!" అని నన్ను గదిమి, మా ఆవిడని చక్రాల కుర్చీలో కుదేసి, లిఫ్టులో కిందికి దింపి, మెట్ల కింద పాత బకెట్ల వెనక ఉన్న ఒక గదిలోకి తోసింది. ఆ గదిలో తిండి పడనివాళ్ళని చూసే డాక్టరమ్మ ఉంది. నాలుగేళ్ళుగా అక్కడే ఉందట. ఈ జబ్బు మాది కాదని మూడు అంతస్తులూ రాసిస్తేనే ఆ గదికి పంపాలని నిబంధన. ఏ అంతస్తూ రోగిని వదులుకోదు కాబట్టి ఆవిడ దగ్గరికి ఇంతవరకు ఎవరూ రాలేదు. డాక్టరమ్మ చీటీ అడగలేదు, పేరు అడగలేదు. తొడకి ఇంజెక్షను పొడిచింది. కొంతసేపటికి ఊపిరి వచ్చింది. నేను గోడకి ఆనుకుని ఏడ్చేశాను.

"ఇప్పుడేం తిన్నావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ తినలేదండీ, మంచినీళ్ళే."

"ఇంకేమీ నోట్లో వేసుకోలేదా?"

మా ఆవిడ నా చేతిలోని డబ్బా వంక చూసింది. ఏడాదిపైగా తిన్న ప్రతి మెతుకూ రాసిన మనిషి ఆ గోళీని ఒక్కసారైనా రాయలేదు. మందు తిండి కాదు కదా. డాక్టరమ్మ డబ్బా అడుగునున్న గోళీల అట్ట తీసి, వెనక్కి తిప్పి, చీమతలకాయంత అక్షరాలు కళ్ళజోడు పైకెత్తి చదివింది. లోపల ఉన్నది పల్లీ నూనె.

"మొదటిరోజే చెప్పాను కదండీ, పల్లీలు పడవని" అంది మా ఆవిడ, పీలగొంతుతో.

చెప్పింది. అందరికీ చెప్పింది. నాకూ చెప్పింది. డబ్బాకి కట్టిన కాగితం మీద మూడు పూటలా నా సంతకాలు వరసగా, దిద్దినట్టు ఉన్నాయి.

గోళీలు మానాక, డాక్టరమ్మ ఒక్కొక్కటే తినిపించి చూసి, పాలు, గుడ్డు, గోధుమలు అన్నీ తిరిగి ఇచ్చింది. ఇప్పుడు మా ఆవిడ పల్లీలు తప్ప అన్నీ తింటోంది. ఆసుపత్రి కూడా చురుగ్గానే స్పందించింది. చీటీ లేని రోగికి ప్రాణం పోసినందుకు డాక్టరమ్మని సంజాయిషీ అడిగారు. చీపురు విసిరినందుకు ఆయమ్మకి ఒకరోజు జీతం కోశారు. నాలుగేళ్ళలో నిబంధన ప్రకారం ఒక్క రోగీ రాలేదు గనుక ఊళ్ళో ఆ జబ్బే లేదని నిర్ధారించి, మెట్ల కింది గదిని బంగారు గోళీలు నిలవచేయడానికి కేటాయించారు. గొంతు బాగుపడినా సంఘం మాత్రం రద్దు కాలేదు.

నిన్న ఆఫీసులో నా కౌంటరు దగ్గరికి ఒకాయన సీసాలో నీళ్ళు పట్టుకొచ్చాడు. "అయ్యా, కుళాయి నీళ్ళు కంపు కొడుతున్నాయి. మా వీధిలో ఆరుగురు పిల్లలకి వాంతులు" అని మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. నిజమే, కంపు గుప్పుమంది.

"మీటరు తిరుగుతోందా?" అన్నాను.

"తిరుగుతోందండీ."

"అయితే మా సెక్షన్ కాదు. వాసన రెండో అంతస్తు."

ఆయన మెట్లెక్కి పోయాడు. రెండో అంతస్తుకి ఆ రోజు సెలవు. ఆ సంగతి చెప్పడం కూడా మా సెక్షన్ కాదు.

ఇంటికి రాగానే మా ఆవిడ పెదాల మధ్య సూదులతోనే లేచి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. నోటిదాకా తీసుకెళ్ళి ఆగాను.

"ఏంటండీ, తాగరే?" అంది సూదులు తీసి.

"ఇవెక్కడి నీళ్ళు?"

"ఎక్కడివేమిటి, మన కుళాయివే."

గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టేశాను. మీరు మాత్రం నిశ్చింతగా తాగండి. మీ మీటరు సవ్యంగానే తిరుగుతోందని సంతకం పెట్టి మరీ హామీ ఇస్తున్నాను.