'పోటీ' దగ్గర ఆగిన నిఘంటువు

ఒక పెద్ద అడవిలో ఒక గోరింక ఉండేది. అది ఎవరితోనూ, ఆఖరికి వాగు నీళ్లలో కనబడే తన నీడతో కూడా అనని మాట ఒకటుంది: బుద్ధెరిగాక అది తనకోసం ఒక్క పనీ చేసుకోలేదు. పక్క తొర్రలోని చిలుక ఏది చేస్తే దానికి ఒక మెట్టు పైన చేసింది. అంతే.

చిలుక బళ్లో పాఠం వల్లెవేస్తే, గోరింక బడి కిటికీ మీద వాలి అదే పాఠాన్ని వెనకనుంచి ముందుకి వల్లెవేసింది. చిలుక ఫోను కొంటే, గోరింక రెండు సిమ్ములది కొంది. రెండూ ఒకే మద్దిచెట్టు తొర్రల్లో పెరిగినవే. మాటలు మానేసి మూడేళ్లయింది.

ఆ అడవికి ఒక నిఘంటు సంఘం ఉంది. పదేళ్లుగా అర్థాలు రాస్తూ రాస్తూ 'పోటీ' దగ్గర ఆగారు. అధ్యక్షులు ఏనుగుగారు సమావేశానికొక కునుకు తీస్తారు. పనంతా కార్యదర్శి నక్కగారిదే.

నక్కగారు పిట్టలు రెంటినీ పిలిచారు. "సంఘంలో ఒక్క కొలువే ఖాళీ. 'పోటీ'కి అర్థం, వాడుక రాసి సోమవారం పట్రండి. బాగా రాసినవాళ్లది కొలువు."

గోరింక గుండె ఝల్లుమంది. బడి మెట్టెక్కని పిట్టకి నిఘంటువులో పేరు!

ఆకు ముందేసుకు కూర్చుంది. ఒక్క ముక్క రాలేదు. చిలుక ఏం రాసిందో తెలీకుండా దానికంటే బాగా రాయడం ఎలా?

కాకిపిన్నికి రెండు గారెలిచ్చి చూసి రమ్మంది.

"ఏమీ రాయలేదే తల్లీ, తెల్లాకు" అంది కాకి తిరిగొచ్చి.

"నిజంగా?"

"నమ్మకం లేకపోతే ఇంకో కాకిని చూసుకో. చిలుకా నన్ను అదే అడిగింది, గోరింక ఏం రాసిందని. మూడు గారెలిచ్చింది. నీలా పిసినారి కాదు."

గోరింక వెంటనే నాలుగు గారెలు తెచ్చి ముందు పెట్టింది.

ఆదివారం దాకా ఇదే తంతు. కాకి ఒళ్లు చేసింది తప్ప అర్థం తేలలేదు.

సోమవారం రెండూ తెల్లాకులతో నిలబడ్డాయి. నక్కగారు నిట్టూర్చి, "మీ మీద ఎంత ఆశపెట్టుకున్నానమ్మా" అంటూ ముందే రాసిపెట్టుకున్న ఆకు తీసి చదివారు.

"పోటీ: ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటే మూడోవాడికి దొరికే ఉద్యోగం. వాడుక: గోరింకా చిలుకా పోటీ పడ్డాయి, మా బావమరిది కొలువులో చేరాడు."

ఏనుగుగారు కళ్లు తెరవకుండానే చెవులతో చప్పట్లు కొట్టారు.

గోరింక పేరు నిఘంటువులోకి ఎక్కనే ఎక్కింది. రాసినవాళ్ల పట్టీలో కాదు, ఉదాహరణలో.

చెట్టెక్కి ఏడవబోయి ఫక్కున నవ్వింది. ఆ బావమరిదికి తన పేరు రాయడమే రాదు! ఈ మాటకి తనతో సమానంగా పడీపడీ నవ్వే ప్రాణి ఈ అడవంతటికీ ఒక్కటే ఉంది. అదిగో, ఎదురుకొమ్మ మీద, కాలి కింద ఫోను పెట్టుకుని, నొక్కనా వద్దా అని దిక్కులు చూస్తోంది.

గోరింక తన ఫోను తీసింది. ఇక చేసెయ్యాల్సిందే అనుకుంది. అదీ, చిలుక చేసేలోపే.

నీతి: రాజీ పడక తప్పకపోతే, అందులోనైనా ఫస్టు రావాలి.